లోహమునందు ఉదజనిని దాచిన శాస్త్రవేత్త: థామస్ గ్రాహం

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో తిరునాళ్లకు పోయిన బాలుడు గాలిబుడగ కొనక యింటికి రాడు. రాత్రి మంచపుకోటికి కట్టిన బుడగ తెల్లవారునప్పటికి వాడి వ్రేలాడుచుండును. ముడి ఊడలేదు, ముల్లు గుచ్చుకొనలేదు. లోనున్న గాలి ఏ దారిని పోయినది? బాలుడు ఏడ్చును, తండ్రి మరియొక బుడగ కొనిపెట్టుదునని ఓదార్చును, అంతటితో ఆ ప్రశ్న ముగిసిపోవును. కాని ఆ ప్రశ్ననే పట్టుకొని నలువది సంవత్సరములు విడువని మనుష్యుడొకడు స్కాట్లండు దేశమున ఉండెను. ఆయన పేరు థామస్ గ్రాహం. కళాశాల విద్యార్థులు వాయువుల పాఠములో ఆయన పేరిట నొక నియమమును వల్లించుచునే యున్నారు. ఆ నియమము వెనుకనున్న జీవితమును ఎరిగినవారు తక్కువ. ఆ జీవితపు చివరి ఘట్టమునుండియే ఉదజనిని లోహములలో దాచు నేటి విచారము మొలకెత్తినదని ఎరిగినవారు మరియు తక్కువ.

గ్రాహం 1805వ సంవత్సరము డిసెంబరు మాసమున గ్లాస్గో నగరములో జన్మించెను. తండ్రి వస్త్రముల వర్తకమున బాగుగా గడించినవాడు. కుమారుడు క్రైస్తవ మతగురువు కావలెనని ఆయన సంకల్పము. పదునాలుగేండ్లు నిండకమునుపే, 1819లో, బాలుడు గ్లాస్గో విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట థామస్ థామ్సన్ అను ఆచార్యుడు రసాయన శాస్త్రము బోధించుచుండెను. ఆ ఉపన్యాసములు బాలుని మనస్సును పూర్తిగా ఆకర్షించినవి. వేదాంత గ్రంథములు బల్లమీదనే యుండెను; మనస్సు మాత్రము గాజుకుప్పెలమీదికి పోయెను.

పట్టము పుచ్చుకొనిన పిమ్మట తండ్రి తన కోరికను జ్ఞప్తి చేసెను. కుమారుడు రసాయన శాస్త్రమునే అభ్యసింతునని పట్టుపట్టెను. తండ్రికి కోపము వచ్చెను, ధనసాహాయ్యము ఆగిపోయెను. గ్రాహం ఎడింబరో నగరమునకు పోయి, హోప్ అను ఆచార్యునికడ శాస్త్రాభ్యాసము సాగించెను. ఆ కష్టకాలమున ఆయనకు అండగా నిలిచినవారు తల్లియు సోదరియు. రచనవలన తొలిసారి చేతికి వచ్చిన సొమ్ముతో ఆయన వారిరువురకును కానుకలు కొనెనని చరిత్రకారులు చెప్పుదురు. చిన్న సంగతియే. కాని ఆ మనుష్యుని స్వభావము దానియందు తెలియుచున్నది. తండ్రిని ఎదిరించిన కుమారుడు ఇంటిని మరచినవాడు కాడు. తన మార్గము తనకు స్పష్టముగా కనబడినందున దానిని విడువలేకపోయెను.

గ్లాస్గోకు తిరిగివచ్చి ఆయన గణితము, రసాయనము ప్రైవేటుగా బోధించుచు కాలము గడపెను. 1829లో శ్రామికుల విద్యాసంస్థయందు ఉపన్యాసకుడయ్యెను. మరుసటి సంవత్సరమే, 1830లో, ఆండర్సన్ కళాశాలలో ఆచార్య పదవి లభించెను. గ్రాహం గొప్ప వక్త కాడు. మాట తడబడుచుండెను. అయినను చెప్పిన ప్రతి విషయమును ప్రయోగముచేత చూపుటయు, తెలియనిదానిని తెలిసినట్లు నటింపకుండుటయు ఆయన అలవాట్లు. అట్టి గురువును విద్యార్థులు ప్రేమింతురు. ఆఫ్రికా ఖండమును శోధించిన డేవిడ్ లివింగ్‌స్టన్ ఆయన శిష్యులలో నొకడు. ఖనిజ తైలమునుండి దీపపు నూనెను తీసి ధనవంతుడైన జేమ్స్ యంగ్ మరియొకడు.

ఈ కాలముననే బుడగ ప్రశ్న ఆయనను పట్టుకొనెను. 1823లో డోబరైనర్ అను జర్మను శాస్త్రవేత్త ఒక వింత చూచి యుండెను. సన్నని బీటగల గాజుపాత్రలో నీటిపై ఉదజనిని నిలువచేయగా, ఆ బీటగుండా ఉదజని వెలికి పోవుచుండెను. దాని స్థానమున పాత్రలోని నీరు పైకి ఎక్కుచుండెను. డోబరైనర్ అది చూచి వదలివేసెను. గ్రాహం వదలలేదు. బీటకు బదులుగా ఆయన గాజుగొట్టము కొనకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిరడా నమర్చెను. ఆ బిరడాలో కంటికి కనబడని సందులు వేలకొలది యుండును. ఒక్కొక్క వాయువును నింపి, అది ఎంత త్వరగా వెలికి పోవునో, బయటి గాలి ఎంత త్వరగా లోనికి వచ్చునో కొలిచెను. తేలిక వాయువు త్వరగాను, బరువు వాయువు మెల్లగాను పోవుచుండెను. ఆ వేగము వాయుసాంద్రతయొక్క వర్గమూలమునకు విలోమానుపాతమున నుండునని తేలెను. ఆమ్లజని ఉదజనికంటె 16 రెట్లు బరువు. కావున ఉదజని దానికంటె 4 రెట్లు వేగముగా పోవును. 1831లో ఎడింబరో రాయల్ సొసైటీ యెదుట ఆయన చదివిన పత్రమునందు ఈ నియమము వెల్లడియైనది. తిరునాళ్ల బుడగ వాడుటకు కారణ మిదియే: రబ్బరు పొరగుండా వాయువు మెల్లమెల్లగా దారి చేసికొని పోవుచున్నది.

1837లో గ్రాహం లండను యూనివర్సిటీ కళాశాలకు ఆచార్యుడై పోయెను. 1841లో లండను రసాయన శాస్త్ర సంఘము స్థాపింపబడినప్పుడు ప్రథమాధ్యక్షుడు ఆయనయే. వాయువుల తరువాత ఆయన దృష్టి ద్రవములపై పడెను. ఉప్పు, చక్కెర నీటిలో త్వరగా వ్యాపించును. జిగురు, బంక, కోడిగ్రుడ్డు తెల్లసొన బహు మెల్లగా వ్యాపించును. ఉప్పును జిగురును కలిపి తోలుకాగితపు పొరకు ఒకప్రక్క నుంచి, రెండవప్రక్క మంచినీ రుంచినచో, ఉప్పు పొరను దాటి నీటిలోనికి పోవును, జిగురు నిలిచిపోవును. 1861లో ఆయన ఈ విధానమునకు డయాలిసిస్ అనియు, జిగురువంటి పదార్థములకు కొల్లాయిడ్లు అనియు పేరు లిడెను. మూత్రపిండములు చెడినవారి రక్తమును శుద్ధిచేయుటకు నేడు ఆసుపత్రులలో వాడు పద్ధతికి ఆ పేరే నిలిచినది. గాలికిని కంటికిని నడుమ, అణువుకంటె పెద్దవి, సూక్ష్మదర్శినికి అందనంత చిన్నవి అయిన కణముల లోకమొకటి కలదని తెలియుటకు ఈ పరిశోధనయే ద్వారము. నేడు మనము నానోకణము లనుచున్నవి ఆ లోకమునకు చెందినవే.

ఈలోపల 1855లో బ్రిటిషు ప్రభుత్వము ఆయనను టంకశాలాధిపతిగా నియమించెను. ఒకప్పుడు సర్ ఐజాక్ న్యూటన్ అలంకరించిన పదవి అది. రాగి నాణెములకు బదులు 1860లో కంచు నాణెములు ప్రవేశించుట ఆయన కాలముననే జరిగెను. మొదటి సంవత్సరములలో కార్యాలయపు పనులు ఆయన కాలమునంతయు మ్రింగివేసినవి. అయినను ఆయన ప్రయోగశాలను విడువలేదు. బంగారము, వెండి కరగు చోటునుండియే ఆయన దృష్టి లోహముల లోపలికి పోయెను.

ఫ్రాన్సు దేశమున డెవీల్, త్రూస్ట్ అను శాస్త్రవేత్తలు, ఎఱ్ఱగా కాల్చిన ప్లాటినము, ఇనుము గొట్టముల గోడలగుండా ఉదజని దాటిపోవుట చూచి యుండిరి. సందులులేని గట్టిలోహములో దారి యెక్కడిది? ఇది మరల బుడగ ప్రశ్నయే. కాని ఈమారు రబ్బరునకు బదులు లోహము. గ్రాహం పల్లాడియమను లోహమును పరీక్షించెను. దానిని వేడిచేసి ఉదజనిలో చల్లార్చగా, అది స్పంజి నీటిని పీల్చినట్లు ఆ వాయువును పీల్చుకొనెను. 1866లో ఆయన ప్రకటించిన ఫలితము శాస్త్రలోకమును ఆశ్చర్యపరచెను. పల్లాడియపు రేకు తన ఘనపరిమాణమునకు 600 రెట్లకు మించిన ఉదజనిని లోన దాచుకొనినది. విద్యుత్తు సాయమున ప్రయోగించినప్పుడు అది 900 రెట్లు దాటెను. అగ్గిపెట్టెయంత లోహములో పెద్ద కడవకు పట్టునంత వాయువు! లోహమును శూన్యములో వేడిచేయగా ఆ వాయువు చెడక తిరిగి వచ్చెను. దాచుకొనుట, తిరిగి యిచ్చుట: ఈ రెండును కలిసినప్పుడే దానిని భాండాగారమనవచ్చును.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. రేకుగా సాగగొట్టినది, స్పంజివలె గుల్లగా చేసినది, విద్యుత్తుచే పూతగా పెట్టినది, కరిగించి ముద్దచేసినది అన్నియు ఒకే పల్లాడియమయినను, అవి పీల్చుకొను వాయువు ఒకే మొత్తము కాదని గ్రాహం చూచెను. లోహమేది యనునది ఒక ప్రశ్న. ఆ లోహము ఏ రూపమున ఉన్నది యనునది మరియొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నకు సమాధానము నూరేండ్ల తరువాతగాని రాలేదు.

గ్రాహం తన ఫలితమునకు ఒక వ్యాఖ్య చెప్పెను. ఉదజని నిజముగా ఒక లోహముయొక్క ఆవిరి యనియు, పల్లాడియములో అది గడ్డకట్టి మిశ్రలోహముగా నిలుచుననియు ఆయన తలంచెను. ఆ లోహమునకు హైడ్రోజినియము అని పేరుపెట్టి, దాని సాంద్రతను కూడ లెక్కించెను. ఉదజనితో నిండిన పల్లాడియముతో చిన్న పతకములు పోయించి మిత్రులకు పంచిపెట్టెను. టంకశాలాధిపతికి అంతకంటె తగిన కానుక ఏమున్నది?

కాని ప్రయోగము ఆయనకొక అడ్డంకి తెచ్చెను. పల్లాడియపు తీగె ఉదజనిని పీల్చుకొనినప్పుడు నూటికి ఒకటిన్నర వంతులకు మించి పొడవు పెరిగెను. అది సబబే. వాయువును తీసివేసినప్పుడు మొదటి పొడవునకు రావలెను గదా! అది మొదటి పొడవుకంటె తక్కువకు కుంచించుకొనిపోయెను. అనగా, పెరుగుదలనుబట్టి ముందు వేసిన సాంద్రతలెక్క నమ్మదగినది కాదు. గ్రాహం దానిని కప్పిపుచ్చలేదు. అరువదిమూడవ యేట, లోకమంత పేరున్న శాస్త్రవేత్తయై, తన సంఖ్యను తానే సవరించి 1869లో మరల ప్రకటించెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు మాసమున లండనులో మరణించెను. ఆయన వివాహము చేసికొనలేదు. ఆయన తరువాత టంకశాలాధిపతి పదవి మరియొకరికి ఈయబడలేదు. ఆ బిరుదు కోశాగార మంత్రికి చేర్పబడెను.

హైడ్రోజినియ మను లోహము లేదు. ఆ వ్యాఖ్య పొరపాటని పిమ్మట తేలెను. ఉదజని యణువులు లోహపు ఉపరితలముపై రెండుగా విడిపోయి, ఒంటి పరమాణువులై లోనికి దిగి, పల్లాడియపు పరమాణువుల నడుమ సందులలో కూర్చుండునని ఇరువదవ శతాబ్దపు ఎక్సుకిరణ, న్యూట్రాను పరిశోధనలు చూపినవి. కూర్చుండుటకు చోటు కావలెను గనుకనే తీగె ఉబ్బెను. వ్యాఖ్య పోయినది, కొలతలు నిలిచినవి. పేరు పోయినను లోహ హైడ్రైడుల శాస్త్రమునకు తొలి యిటుక అదియే.

ఆ కొలతల విలువ నేడు పెరిగినది. ఉదజని మండినప్పుడు నీరు తప్ప మరేమియు మిగులదు. తూకమునకు తూకము చూచినచో అది పెట్రోలుకంటె దాదాపు మూడురెట్లు శక్తి నిచ్చును. కష్టమంతయు దాచుటలోనే యున్నది. ఒక్క కిలోగ్రాము ఉదజని మామూలు పీడనమున పదకొండు ఘనమీటర్లకు మించి స్థల మాక్రమించును. వాహనములలో దానిని 350 మొదలు 700 రెట్ల వాతావరణ పీడనమున బిగించుచున్నారు. ద్రవముగా చేయవలెనన్న సున్నకు 253 డిగ్రీలు దిగువకు చల్లార్చవలెను. లోహములో దాచినచో ఈ బెడద తగ్గును. కాని పల్లాడియము ఖరీదైనది, బరువైనది. నూరు గ్రాముల పల్లాడియము అరగ్రామునకు కొంచెము మించిన ఉదజనిని మాత్రమే మోయును. మెగ్నీషియము చౌక, దాని హైడ్రైడు బరువులో నూటికి 7.6 వంతులు ఉదజనియే. అయితే అది దాచినదానిని సులభముగా విడువదు. దాదాపు 280 డిగ్రీల వేడి కావలెను. పీల్చుటకును విడుచుటకును గంటలు పట్టును. ఇచ్చటనే కణము పరిమాణము ప్రసక్తికి వచ్చుచున్నది.

కుప్పము గనులలో బండరాతిని చీల్చువారికి ఒక సత్యము తెలియును: రాతిని పగులగొట్టిన కొలది కొత్త ముఖములు పుట్టును. ఒక సెంటీమీటరు ఘనమునకు ఆరు ముఖములు కలిసి 6 చదరపు సెంటీమీటర్లు. దానినే ఒక్కొక్క మిల్లీమీటరు ఘనములుగా కోసినచో మొత్తము 60 చదరపు సెంటీమీటర్లగును. మిల్లీమీటరులో లక్షవ వంతు, అనగా 10 నానోమీటర్ల ఘనములుగా చేసినచో 600 చదరపు మీటర్లగును. లోహము పెరుగలేదు, వాకిళ్లు పెరిగినవి. ఉదజని లోనికి వచ్చుట ఆ వాకిళ్లనుండియే. అంతేగాక, లోన నడువవలసిన దూరము తగ్గును. వ్యాపనమునకు పట్టు కాలము దూరపు వర్గముననుసరించి యుండును. దూరము వెయ్యవవంతైన కాలము పదిలక్షలవ వంతగును. గ్రాహం జీవితమంతయు కొలిచిన వ్యాపనమే ఇచ్చట మరల పని చేయుచున్నది. మెగ్నీషియపు హైడ్రైడును ఉక్కు గుండ్లతో మరలో నూరి, కొద్దిగా ఇతర లోహములను చేర్చి, గంటల పనిని నిమిషములకు తగ్గించిన పరిశోధనలు కలవు.

వేగము పెరుగుట ఒకటి. పట్టు సడలుట వేరొకటి. ఎంత నూరినను కణములో అధికభాగము లోపలి పరమాణువులే అయినంతవరకు, లోహమునకును ఉదజనికిని గల బంధము మారదు. విడుదలకు కావలసిన వేడియు పెద్దగా తగ్గదు. కణము మిక్కిలి చిన్నదై, పరమాణువులలో పెక్కుపాలు ఉపరితలమునకే వచ్చినప్పుడు మాత్రమే ఆ బంధము సడలును. 2005లో హాలండు శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారము మెగ్నీషియములో ఆ మార్పు కనబడుటకు కణము 1.3 నానోమీటర్లకంటె చిన్నది కావలెను. అది కొన్ని పదుల పరమాణువుల గుంపు. పల్లాడియములో మరియొక వింత కలదు. పెద్దముద్దలో ఉదజని ఒక నిశ్చిత పీడనము వచ్చువరకు స్వల్పముగా చేరి, ఆ పీడనమున ఒక్కసారిగా నిండును. కొన్ని నానోమీటర్ల కణములలో ఆ మెట్టు కురుచనై, వాలుగా మారును. ఉపరితలపు చోట్లు తక్కువ పీడనముననే నిండును. కాని అధిక పీడనమున చేరు మొత్తము పెద్దముద్దకంటె తగ్గును. చిన్నదైనంత మాత్రమున అన్ని విధముల మేలని చెప్పరాదు. ఒకచోట లాభము, ఒకచోట నష్టము.

మరి రెండు చిక్కులు కలవు. సన్నని కణములు వేడి తగిలిన కొలది ఒకదానితో నొకటి అతుకుకొని మరల ముద్దలగును. పొందిన మేలు కొన్నిసార్లు వాడుటతో పోవును. గాలి సోకినచో ఆమ్లజని పట్టి వాటి ముఖములు మూసికొనిపోవును. అందువలన శాస్త్రవేత్తలు వానిని బొగ్గు రంధ్రములలో వేరువేరుగా కూర్చుండబెట్టుచున్నారు. ఆ బొగ్గు బరువుకూడ లెక్కలోనికి వచ్చును గదా! కణమును చిన్నది చేయుట, చిన్నదిగా నిలుపుట, దాని కాపలాదారు బరువు తగ్గించుట: ఈ మూడింటి నడుమ నేటి పరిశోధన తిరుగుచున్నది.

పుంగనూరు ఆవును చూచినవారికి ఈ విషయము కొత్తగా తోచదు. మూడడుగుల యెత్తునకు మించని జంతువు, మేత స్వల్పము, పాలు తక్కువయే గాని వెన్న మిక్కుటము. దానిని పెద్ద జాతులతో శేరులలో పోల్చినవారు దాని విలువ తెలిసికొనలేదు. జాతి అంతరించు దశకు వచ్చెను. కొలబద్ద మార్చినప్పుడే దాని గొప్ప తెలిసినది. లోహపు కణమునైనను ఎంత దాచినదని మాత్రమే కాక, ఎంత త్వరగా, ఎంత తక్కువ వేడిలో, ఎన్నిమార్లు తిరిగి యిచ్చునో కూడ అడుగవలెను.

గ్రాహం మరణించిన నూరేండ్లకు, 1970 ప్రాంతమున, హాలండులోని ఫిలిప్స్ పరిశోధనశాలలో లాంథనము, నికెలు కలిసిన మిశ్రలోహము గది ఉష్ణోగ్రతయందే ఉదజనిని పీల్చి విడుచునని తెలిసినది. ఆ మార్గముననే నికెలు హైడ్రైడు బ్యాటరీలు వచ్చినవి. భారతదేశమున 2023 జనవరిలో జాతీయ హరిత ఉదజని పథకమునకు కేంద్రప్రభుత్వము ఆమోదము తెలిపెను. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉదజనిని తీయవలెనని దాని లక్ష్యము. విశాఖపట్టణమునకు సమీపమున పూడిమడకలో హరిత ఉదజని కేంద్రమునకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగెను. తీసినదానిని దాచుట ఎట్లన్న ప్రశ్న ఈ పథకములన్నిటి వెన్నంటియే యుండును.

గ్లాస్గో నగరమున జార్జి కూడలిలో గ్రాహం కంచు విగ్రహ మొకటి నెలకొల్పబడెను. దానిని చేయించి యిచ్చినవాడు శిష్యుడైన జేమ్స్ యంగ్. తండ్రి కోరినట్లు ఆ కుమారుడు మతపీఠ మెక్కలేదు. ఎక్కియున్నచో ఊరివారు కొంతకాలము తలచుకొని యుందురు. బీటవారిన గాజునుండి పోవు వాయువును కొలుచుచు కూర్చున్నందున ఆయన పేరు దేశదేశముల తరగతిగదులలో నిలిచినది. మదనపల్లెలో అనీబిసెంటు 1915లో స్థాపించిన కళాశాల మొదలుకొని కుప్పము పాఠశాలలవరకు, ప్లాస్టర్ బిరడాయు, గాజుగొట్టమును, నీటిపళ్లెమును దొరకని ప్రయోగశాల యుండదు. గ్రాహం పని మొదలుపెట్టినది ఆ మూడింటితోనే. తిరునాళ్లనుండి వచ్చిన పిల్లవాడు వాడిన బుడగను పట్టుకొని గాలి యెటు పోయినదని అడిగినప్పుడు, ఉపాధ్యాయుడు వానిని కసరక, ఆ గొట్టమును నీటిలో నిలువబెట్టి చూపినచో చాలును.